బొబ్బిలిని సాగనంపే ముందు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. మీ కుక్క బొబ్బిలికి ముందుకాలి ఎముకలో క్యాన్సరని తేలిందట. మా చిన్నాడి పెళ్లికి బయల్దేరేలోపు బొబ్బిలికీ, రెండో కుక్క పైడికీ ఒకేరోజు ప్రాణం పోయే ఇంజక్షన్ చేయించేస్తావట, పాపకి మాత్రం ఎవరిదో పెద్ద తోటకి పంపించామని చెప్తావట. ఇక నాకు నిద్రెక్కడిది?

నీ గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణే నేను. ఫ్లోరిడాలో కుక్కల పందేలు ఆపెయ్యాలని 2018లో జనం ఓటేసి, 2020 ఆఖరుకి ట్రాకులు మూతపడితే, అందరూ ముద్దొచ్చే కుక్కపిల్లల కోసం తిరుగుతుంటే నువ్వు పళ్లు పుచ్చిపోయి, మెట్లెక్కడం కూడా తెలియని ఆ రెండు గ్రేహౌండ్లని ఇంటికి తెచ్చుకున్నావు. పులిచారలున్నదానికి మన బొబ్బిలి పేరు, రెండోదానికి పైడితల్లి పేరు. చెవిలో పచ్చబొట్టు ఫోటో పంపావు చూడు, కుడిచెవిలో 46బి అని, అంటే 2016 ఏప్రిల్‌లో పుట్టిన ఈతలో రెండోదని నువ్వు చెప్తే, సర్వీసంతా పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసిన నేను నోరెళ్లబెట్టాను.

సరే, అసలు సంగతికొస్తాను. బొబ్బిలి విషయంలో ఆలస్యం చెయ్యకు. ఈ జాతికి ఎముక క్యాన్సర్ ఎక్కువే. ఆ ఎముక లోపల గుల్లబారిపోతుంది, పరుపు మీంచి లేవబోయినా పుటుక్కుమనొచ్చు. నా భయమంతా అర్ధరాత్రి పూట ఆ కాలు విరగడం గురించే. మాత్రలేస్తే బాగానే నడుస్తోంది మావయ్యా అంటావు, నడిచేది మాత్ర, కాలు కాదు. ఇంటికొచ్చి ఇంజక్షన్ చేసే డాక్టరుతో మాట్లాడి రోజు పెట్టుకో.

పైడికేం రోగమొచ్చిందని? పాదాల్లో ఆనెలు, వెనక కాళ్లలో పట్టు లేకపోవడం, అంతేగా. జారకుండా గది నిండా పాత తివాచీలు పరుచు, ఆనెల సంగతి డాక్టరు చూస్తాడు. జతది పోతే ఇది బెంగతో మాడిపోతుందని ఇప్పుడే చంపేస్తారుటే? అలా అయితే మీ తాతయ్య పోయినప్పుడు మీ అమ్మమ్మని ఏం చెయ్యాలి మేము?

కోప్పడ్డానని ఏడవకు. ఇంకా అసలుది ఉంది, ఆ తోట మాట.

నీ చిన్నప్పటి మన కుక్క నల్లోడు గుర్తున్నాడు కదా? నీకు తెలిసింది సగమే. కడుపులో గడ్డతో వాడు నీళ్లు కూడా తాగలేని స్థితికొచ్చాడు. ఆ మంగళవారం సిరిమాను పండగని నిన్నూ మీ అమ్మనీ తాతయ్య పొద్దున్నే విజయనగరం బస్సెక్కించేశాడు. పండగపూట డాక్టరుగారిని బతిమాలి ఇంటికి తీసుకొచ్చేసరికి సాయంత్రమైంది, రోజూ నువ్వు బడి నుంచి వచ్చే వేళ. నల్లోడు సూది వైపు చూడలేదు, మొహం వీధిగుమ్మం వైపే. రోడ్డు మీద ఏ సైకిల్ బెల్లు మోగినా చెవులు లేచేవి, తోక నేలకేసి కొట్టేవాడు. తల పట్టుకోమంటే మీ తాతయ్య పట్టుకోలేక పెరట్లోకి వెళ్లిపోయి, ఎవరికీ అక్కర్లేని కట్టెలు కొట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ అరగంట వాడి తల మీద ఉండాల్సింది నీ చెయ్యి.

రాత్రికి నువ్వు జీళ్ల పొట్లంతో వచ్చావు, సగం వాడి కోసం దాచి. గజపతినగరం దగ్గర మామిడితోటకి కాపలాకిచ్చామని తాతయ్య చెప్పేశాడు. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో నాలుగు: లావయ్యాడట, తోటలో మంచి తిండట, నిన్ను చూస్తే మళ్లీ బెంగ పెట్టుకుంటాడట. వేసవి సెలవుల్లో బస్సు గజపతినగరం దాటుతుంటే నువ్వు కిటికీలోంచి తల బయటపెట్టి ప్రతి తోటలోకీ నల్లోడా అని కేకేసేదానివి, పక్కనే కూర్చుని మీ తాతయ్య కండువాతో మొహం తుడుచుకునేవాడు. చివరికి ఏడో తరగతిలో మన పాలేరు నోరుజారాడు. నువ్వడిగింది ఒక్కటే: నేను బస్సులో పిలుస్తుంటే ఒక్కరైనా ఎందుకు చెప్పలేదని. ఆ తరవాత తాతయ్య నీకేం చెప్పినా, నిజమేనా అన్నట్టు మీ అమ్మమ్మ మొహం చూసేదానివి. ఆయన పోయేదాకా అంతే. నీ మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, అది ఆయనకెంత గుచ్చుకునేదో నాకు తెలుసు.

పాపకి ఏడేళ్లొచ్చాయి, అర్థమవుతుంది. చచ్చిపోతుందనే చెప్పు, ఆ మాటే వాడు. నిద్రపుచ్చుతారని అన్నావంటే రేపటినుంచి అది పడుకోవడానికి భయపడుతుంది. దగ్గరుంటానంటే ఉండనీ, వద్దంటే బలవంతం చెయ్యకు. జరిగేది ముందే చెప్పు: మొదట మత్తు ఇస్తారు, అది పట్టాక నరానికి మందు. ప్రాణం పోయినా కళ్లు మూతపడవు, ఒకటి రెండుసార్లు ఊపిరి తీసినట్టు ఒళ్లు కదలొచ్చు, మూత్రం పోవచ్చు. చెప్పకపోతే పెద్దవాళ్లే హడలిపోతారు. ఒంట్లో కొవ్వు లేని ఈ జాతికి కొన్ని మత్తుమందులు ఓ పట్టాన దిగవని పళ్ల ఆపరేషనప్పుడు టెన్షన్ పడ్డావు, ఇప్పుడా టెన్షన్ అక్కర్లేదు.

పెరట్లో పూడుస్తామన్నారట మీ ఆయన. ఆ మందు కళేబరంలో అలాగే ఉండిపోతుంది, ఏ జంతువైనా తవ్వి తింటే అదీ చస్తుంది. దహనానికి ఇచ్చెయ్యండి. తీసుకెళ్లేముందు పైడిని దగ్గరికి రానిచ్చి వాసన చూడనివ్వు, తొందరపెట్టకు. కొన్నాళ్లు సరిగ్గా తినదు, ఇల్లంతా వెతుకుతుంది. ఎప్పటి వేళకే గిన్నె పెట్టు, ఎప్పటి దారినే తిప్పు.

అందుకని పెళ్లికి రాకు. ఔను, పెళ్లికొడుకు తండ్రినే చెప్తున్నా, రావద్దు. కొత్తగా ఒంటరైన ముసలి కుక్కని హాస్టల్లో పడేసి వచ్చి ఇక్కడ నువ్వు మాత్రం ముద్ద మింగగలవా? మీ అత్త ఓ వారం అలుగుతుంది, అది నేను చూసుకుంటాను. చిన్నాడికి రాత్రే చెప్పేశాను, పర్లేదు నాన్నా అన్నాడు. టికెట్ డబ్బులు ఎంత తిరిగొస్తాయో కనుక్కో. బొబ్బిలి ఎక్స్‌రే, డాక్టరు రాసిన చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, మాత్రల పేర్లు కనబడేలా తియ్యి, పోయినసారిలా బొటనవేలు అడ్డం పెట్టకు.

మీ మావయ్య