వడగళ్లకు కారు దెబ్బతింది: బోనస్ పోతుందని క్లెయిమ్ ఆపుకోవాలా?

ప్రశ్న: మేం నిజాంపేటలో ఉంటాం. సెల్లార్‌లో పార్కింగ్ లేక కారు రోడ్డు పక్కనే పెడతాం. మొన్నటి వడగళ్ల వానకు టాప్, బానెట్ నిండా సొట్టలు పడ్డాయి. వెనక అద్దం పగిలింది, ఒక టెయిల్ ల్యాంప్ పోయింది. జీఎస్‌టీతో కలిపి రూ.39,500 అవుతుందని షోరూమ్‌లో ఎస్టిమేట్ ఇచ్చారు: అద్దం 9,500, ల్యాంప్ 5,000, డెంటింగ్ 9,000, పెయింటింగ్ 16,000. పెట్రోల్ కారు, 1,200 సీసీ, కొని నాలుగేళ్లు దాటింది. ఇంతవరకు క్లెయిమ్ చేయలేదు, 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంది. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ (సొంత కారుకు జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం రూ.9,000. విడిభాగాల తరుగు కోయకుండా ఇచ్చే జీరో డెప్ కవర్ లేదు. క్లెయిమ్ పెడితే ఇన్నేళ్ల బోనస్ పోతుంది, చేతి డబ్బుతో చేయించుకోమని మా బావగారు అంటున్నారు. జూన్‌లో పాప స్కూల్ ఫీజుకని దాచిన 40 వేలు తప్ప వేరే డబ్బు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: క్లెయిమ్ చేయండి. పాప ఫీజు డబ్బు మాత్రం ముట్టుకోకండి.

బోనస్ పోతుందని మీ బావగారు చెప్పింది నిజమే. కానీ ఎంత పోతుందో ఎవరూ లెక్క వేయరు. ‘బోనస్ పోతుంది’ అనే మాటకే భయపడి, నికరంగా వచ్చే డబ్బు వదులుకునేవాళ్లు చాలామంది ఉంటారు. కాగితం మీద పెట్టి చూద్దాం.

క్లెయిమ్ లేకుండా ఈ ఏడాది గడిస్తే రెన్యువల్‌లో మీ బోనస్ 50 శాతానికి చేరుతుంది. దానికి మించి పెరగదు. క్లెయిమ్ చేస్తే ఆ రెన్యువల్‌లో సున్నా. ఆ తర్వాత మళ్లీ క్లెయిమ్ లేకపోతే వరసగా 20, 25, 35, 45, చివరికి 50. అంటే మొదటి రెన్యువల్‌లో 50 శాతం, తర్వాత 30, 25, 15, 5 శాతం నష్టం. అన్నీ కలిపితే ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 125 శాతం. మీ 9,000 మీద అది రూ.11,250. 18 శాతం జీఎస్‌టీ కలిపితే రూ.13,275. ఇదీ ఒక్కసారి పోయేది కాదు, ఐదు రెన్యువల్స్‌లో కొంచెం కొంచెంగా పోయేది. పైగా కారు విలువ ఏటా తగ్గుతుంది, దాంతోపాటు ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంకా తక్కువే ఉంటుంది.

ఇప్పుడు వచ్చేది చూడండి. అద్దానికి తరుగు కోత లేదు, 9,500 మొత్తం వస్తుంది. టెయిల్ ల్యాంప్ ప్లాస్టిక్ కిందికి వస్తుంది, సగమే ఇస్తారు: 2,500. డెంటింగ్ కూలి 9,000 పూర్తిగా. పెయింటింగ్ బిల్లులో పావు వంతును రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం కోస్తారు, అంటే 16,000లో 2,000 పోయి 14,000. మొత్తం 35,000. 1,500 సీసీ వరకు కార్లకు తప్పనిసరిగా కోసే వెయ్యి రూపాయలు తీసేస్తే 34,000. మీ జేబులోంచి 5,500. రేపటి బోనస్ నష్టం పోను కూడా మీకు ఇరవై వేలకు పైనే మిగులుతోంది. కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ ఏదైనా లైన్‌లో కొంత తగ్గించినా క్లెయిమే మేలు.

అద్దం పగలకుండా సొట్టలు మాత్రమే పడి ఉంటే నా సలహా వేరేగా ఉండేది. రంగు చెక్కుచెదరని సొట్టలను లోపలివైపు నుంచి సన్నని రాడ్లతో మెల్లగా నెట్టి సరిచేసే పెయింట్‌లెస్ డెంట్ రిపేర్ హైదరాబాద్‌లో దొరుకుతుంది. కంపెనీ రంగు అలాగే ఉంటుంది కాబట్టి అమ్మేటప్పుడు రేటు పడిపోదు. ఆ ఖర్చు బోనస్ నష్టం కంటే తక్కువైతే క్లెయిమ్ అక్కర్లేదు. మీరు కూడా పెయింటింగ్‌కు ఒప్పుకునే ముందు, టాప్ వరకైనా ఈ పద్ధతిలో చేయడం కుదురుతుందేమో సర్వేయర్‌ను, షోరూమ్‌వాళ్లను అడగండి. టాప్ అంతా మళ్లీ రంగు వేయించిన కారును కొనేవాళ్లు అనుమానంగా చూస్తారు.

ఇంకో సంగతి. బోనస్ కారుది కాదు, మీది. రెండేళ్లలో పెద్ద కారు కొనే ఆలోచన ఉంటే ఈ బోనస్‌ను దానికి మార్చుకోవచ్చు. కొత్త కారుకు ప్రీమియం ఎక్కువ కాబట్టి, పోయే బోనస్ విలువా ఎక్కువే అవుతుంది. అలాంటి ఆలోచన ఉంటే 125 శాతం లెక్కలో మొదటి రెండేళ్లకు పాత ప్రీమియం, మిగతా ఏళ్లకు కొత్త కారు ప్రీమియం వేసి చూసుకోండి.

క్లెయిమ్ పెట్టే ముందు పాలసీ కాగితం ఒకసారి తెరవండి. వడగళ్లు, వరద, తుపాను నష్టాలన్నీ ఓన్ డ్యామేజ్ కవర్‌లోకి వస్తాయి, ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఉద్దేశించిన థర్డ్ పార్టీలోకి రావు. మీరు ఆ ప్రీమియం కడుతున్నారు కాబట్టి ఇబ్బంది లేదు, గడువు తేదీ చూసుకుంటే చాలు. ఇది చదువుతున్న మిగతావాళ్లకు మాత్రం గట్టిగా చెబుతున్నాను: 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. దాంతో ‘మా బండికి మూడేళ్ల ఇన్సూరెన్స్ ఉంది’ అని చాలామంది ధీమాగా ఉంటారు. చాలా పాలసీల్లో ఓన్ డ్యామేజ్ ఏడాదికే ముగుస్తుంది. రెండో ఏడాది వడగళ్లు పడ్డాక ఆ సంగతి బయటపడితే ఒక్క రూపాయి రాదు. అలాగే మీ పాలసీలో బోనస్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ (అదనపు కవర్) ఉందేమో చూడండి. ఉంటే, దాని షరతులకు లోబడి, ఈ క్లెయిమ్‌తో బోనస్ కూడా పోదు. వాలంటరీ డిడక్టబుల్ (క్లెయిమ్‌లో మీరే భరిస్తామని ముందే ఒప్పుకున్న మొత్తం) తీసుకుని ఉంటే ఆ మొత్తం కూడా పైన చెప్పిన 34,000లోంచి తగ్గుతుంది.

సర్వేయర్ చూసేదాకా రిపేరు మొదలుపెట్టనివ్వకండి. కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. నంబర్ ప్లేటు కనిపించేలా నాలుగు వైపులా ఫొటోలు తీయండి. సొట్టలు మామూలు ఫొటోలో సరిగ్గా పడవు, పొద్దున ఏటవాలు ఎండలో తీస్తే ఒక్కొక్కటి విడిగా కనిపిస్తుంది. వాన పడిన మర్నాటి పేపర్‌లో జిల్లా పేజీ వార్త కత్తిరించి దగ్గర పెట్టుకోండి. వెనక అద్దం చోట పాలిథిన్ కవర్ అతికించి, బండి నడపకుండా కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ గ్యారేజీకి టోయింగ్‌లో పంపండి. క్యాష్‌లెస్ (కంపెనీ తన వాటాను నేరుగా గ్యారేజీకే కట్టే పద్ధతి) అయితేనే ఆ 5,500తో పని అయిపోతుంది. బయట షెడ్డులో చేయిస్తే ముందు మొత్తం మీరే కట్టాలి, అప్పుడు పాప ఫీజు డబ్బు కదపక తప్పదు.

బంపర్ మీద పాత గీతలేవైనా ఉంటే ‘ఇందులోనే కలిపేద్దాం’ అని షోరూమ్‌లో ఎవరైనా అనవచ్చు. ఒప్పుకోకండి. వడగళ్లు పైనుంచి పడతాయి, బంపర్ కింద గీతకు వాటితో సంబంధం లేదని సర్వేయర్‌కు చూడగానే తెలుస్తుంది. తప్పుడు వివరాలు ఇచ్చారనే కారణంతో నిజమైన క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. అలాగే వచ్చే రెన్యువల్‌లో వేరే కంపెనీకి మారినా బోనస్ సున్నా అనే చెప్పండి. కంపెనీలు పాత క్లెయిమ్‌లు సరిచూసుకుంటాయి.

క్లెయిమ్ తిరస్కరించినా, కోత ఎక్కువనిపించినా ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఎస్టిమేట్, సర్వే రిపోర్ట్, మీరు రాసిన ఉత్తరం కాపీలు తీసుకెళ్తే చాలు.