పచ్చిమేత ప్రశ్నలు - జవాబులు: ఎకరానికి ఎంత గింజ వేయాలి?

విత్తన పరీక్ష గదిలో పంతొమ్మిదేళ్లు గింజలు లెక్కపెట్టాను. ఇప్పుడు సొంత మడిలో గడ్డి పెంచుతున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విత్తన మోతాదు గురించే. అందుకని మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: లూసర్న్ (ఏళ్ల తరబడి కోసుకునే పప్పుజాతి మేత) ఎకరానికి 8 కిలోలు వేయమన్నారు, అంతే వేశాను. పక్క పొలం వాళ్లూ అంతే వేశారు. వాళ్లది చాప పరిచినట్టు లేచింది. నాది అక్కడక్కడా బోడిగా మిగిలింది. చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. వచ్చేసారి 12 కిలోలు వేస్తే సరిపోతుందా మేడమ్?

జవాబు: తొందరపడి పెంచకండి. ముందు మీరు వేసిన 8 కిలోల్లో ఎన్ని గింజలున్నాయో చూద్దాం. లూసర్న్ గింజలు వెయ్యి తూస్తే దాదాపు 2 గ్రాములు తూగుతాయి. అంటే గ్రాముకు 500, కిలోకు 5 లక్షలు, 8 కిలోలకు 40 లక్షలు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. లెక్కకట్టి చూస్తే మీ మడిలో చదరపు మీటరుకు సుమారు 990 గింజలు పడ్డాయి. ఏడాది దాటిన మంచి లూసర్న్ మడిలో చదరపు మీటరుకు 50 మొక్కలు నిలిస్తే కోతకు లోటుండదు. మొదట్లో ఎక్కువ లేచినా నీడకీ నీటికీ పోటీపడి అవే తగ్గిపోతాయి. కాబట్టి లోపం వేసిన కిలోల్లో లేదు.

మరి ఎక్కడుంది? మొదట సంచి మీద చీటీ చూడండి. శుభ్రత శాతం, మొలక శాతం అని రెండు అంకెలు ఉంటాయి. శుభ్రత 98, మొలక 90 అయితే రెండూ హెచ్చించగా 88 శాతం పనికొచ్చే గింజ. శుభ్రత 95, మొలక 60 అయితే 57 శాతమే. అప్పుడు మొదటి సంచిలో 8 కిలోలకు 7 కిలోలు బతికున్న గింజ వస్తే, రెండో సంచిలో నాలుగున్నర కిలోలే వస్తుంది. మీరూ పక్కవాళ్లూ ఒకే తూకం వేసినా ఒకే విత్తనం వేసినట్టు కాదు. ఎవరైనా మోతాదు చెప్పినప్పుడు, అది బతికున్న గింజ లెక్కా, సంచిలో ఉన్నది ఉన్నట్టు లెక్కా అని తప్పకుండా అడగండి. బతికున్న గింజ లెక్క అయితే ఆ కిలోలను ఈ శాతంతో భాగించాలి. 88 శాతం సంచి నుంచి అయితే 9 కిలోలు చాలు, 57 శాతం సంచి నుంచి అయితే 14 కిలోలు కావాలి.

లెక్క ప్రకారం 14 కిలోలు వేయొచ్చు గానీ, నేనైతే ఆ సంచి కొననే కొనను. మొలక శాతం అంతగా పడిపోయిన పాత విత్తనంలో మొలిచినవి కూడా నీరసంగా ఉంటాయి. శుభ్రత తక్కువైతే, ఆ మిగతా 5 శాతంలో ఏముందన్నదే నా భయం. లూసర్న్‌లో బంగారు తీగ (మొక్కల రసం పీల్చి బతికే కలుపు) గింజ కలిసి వస్తే మడి మొత్తానికి అల్లుకుంటుంది. మోతాదు పెంచితే దాన్నీ పెంచి చల్లినట్టే కదా.

ఇక మీరు రాసిన అసలు మాట, 'అక్కడక్కడా బోడిగా' అన్నది. ఇది చాలా పనికొచ్చే గుర్తు. గింజ పాడైతే మడి అంతా ఒకే తీరున పలచబడుతుంది. ఒకచోట ఒత్తుగా, ఇంకోచోట ఖాళీగా ఉందంటే నేను ముందు దుక్కినీ, లోతునీ, నీటినీ అనుమానిస్తాను. నా మొదటి లూసర్న్ మడిలో నాకూ ఇదే జరిగింది. విత్తనం మోసం అనుకుని రెండు రోజులు కుమిలిపోయాను. మూడో రోజు ఖాళీ జాగాలో కూర్చుని చాకు మొనతో మట్టి పొర పొరగా తీశాను. 4 సెంటీమీటర్ల లోతున మొలక దొరికింది. పాలిపోయి, కొక్కెంలా వంగి, గింజ తోలు ఇంకా నెత్తి మీదే ఉంది. ఆ గింజ బతికింది, మొలిచింది కూడా. అంత లోతు నుంచి పైకి రావడానికి సరిపడా బలం 2 మిల్లీగ్రాముల గింజలో ఎక్కడుంటుంది? నేను దుక్కి మరీ గుల్లగా వదిలేశాను, మొదటి తడికే గింజ కిందికి దిగిపోయింది.

అప్పటి నుంచి విత్తే ముందు మడిలో నడిచి చూస్తాను. మడమ సెంటీమీటరు, సెంటీమీటరున్నర దిగితే సరే. పాదం కూరుకుపోతే రోలర్ తిప్పి అణచాల్సిందే. లూసర్న్ గింజ సెంటీమీటరు లోతుకు మించి పోకూడదు. మీరూ ఒకసారి మట్టి తీసి చూడండి. వచ్చేసారి 8 కిలోలే వేసి, కష్టమంతా దుక్కి మీద పెట్టండి. విత్తన యంత్రం లేకుండా చేత్తో చల్లేవాళ్లు మాత్రం పాతిక శాతం ఎక్కువ తీసుకోవచ్చు, ఎందుకంటే కొంత గింజ పైపైనే ఎండిపోతుంది. గింజలో పొడి ఇసుక కలిపి, సగం నిలువునా, సగం అడ్డంగా చల్లితే సమంగా పడుతుంది.

ప్రశ్న: ఇంట్లో మొలక పరీక్ష పెట్టాను. 100 స్టైలో (ఇదీ పప్పుజాతి మేతే) గింజల్లో 30 మొలిచాయి. మూడు రెట్లు వేయాలా? స్టైలోతో పాటు గినీ గడ్డి కూడా కలిపి వేద్దామనుకుంటున్నాను. సగం సగం వేస్తే బాగుంటుందా?

జవాబు: మొలవని 70 గింజల్ని పారేయకుండా ఉంటే వాటిని గోరుతో నొక్కి చూడండి. మెత్తగా చితికితే చచ్చినవి. నానకుండా, వేసినప్పుడు ఎంత ఉన్నాయో అంతే ఉండి, రాయిలా గట్టిగా ఉంటే బతికే ఉన్నాయి. వాటి తోలు నీటిని లోపలికి రానివ్వడం లేదు, అంతే. స్టైలోలో ఇలాంటి గట్టి గింజలు చాలా ఎక్కువ. వీటికి మూడు రెట్ల విత్తనం అక్కర్లేదు. 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తీసి చల్లటి నీళ్లలో వేసి, నీడలో ఆరబెట్టండి. మళ్లీ 100 గింజలు తడిగుడ్డలో పెట్టి చూసి, ఆ అంకెతో లెక్క కట్టండి. రైజోబియం కల్చర్ (పప్పుజాతి వేర్లకు నత్రజని అందించే బ్యాక్టీరియా) పట్టించేది గింజ పూర్తిగా చల్లారాకే, లేకపోతే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇంకో సంగతి, మీ దగ్గరున్నది కాయతో ఉన్న విత్తనమా, పొట్టు తీసినదా? కాయతో ఉంటే తూకంలో కొంత పొట్టుకే పోతుంది.

గినీ గడ్డి సంగతి వేరు. దాని విత్తనంలో తాలు ఎక్కువ. బయటికి గింజలాగే కనిపిస్తుంది, గోళ్ల మధ్య నలిపితే లోపల ఏమీ ఉండదు. పైగా కొత్తగా కోసిన గింజ కొన్ని నెలలు నిద్రలో ఉంటుంది. కోసిన వెంటనే పరీక్ష పెట్టి మొలవలేదని పారేసుకున్నవాళ్లను చూశాను. పరీక్షకు కూడా ఓపిక కావాలి. లూసర్న్‌కు 10 రోజులు చాలు, గినీకి 28 రోజులు ఆగాలి.

రెండూ కలిపి వేసేటప్పుడు సగం సగం వద్దు. గినీ పిలకలు వేసి ఎత్తుగా లేచి, నెమ్మదిగా ఎదిగే స్టైలో మీద నీడ పరుస్తుంది. రెండో ఏడు వచ్చేసరికి మడిలో గడ్డే మిగులుతుంది. గడ్డిని విడిగా వేసే మోతాదులో మూడో వంతుకు తగ్గించండి, స్టైలోను మూడింట రెండు వంతులు ఉంచండి. విడిగా అయితే గినీ ఎకరానికి కిలో, స్టైలో 4 కిలోలు అనుకుంటే, కలిపినప్పుడు గినీ 350 గ్రాములు, స్టైలో రెండున్నర కిలోలకు కాస్త పైన. రెండు గింజలూ ఒకే పెట్టెలో పోయకండి. యంత్రం కదిలే కొద్దీ బరువైన స్టైలో అడుగుకు చేరుతుంది, తేలికైన గినీ పైన నిలుస్తుంది. మడికి ఒక పక్క అంతా పప్పుజాతి, ఇంకో పక్క అంతా గడ్డి వచ్చేది ఇందుకే. సాలు విడిచి సాలు వేస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: గింజ కోసం వేసే జొన్నకు ఎకరానికి 3-4 కిలోలు చాలంటారు. మేత జొన్నకు 12 నుంచి 16 కిలోలు ఎందుకు?

జవాబు: ఒత్తుగా వేస్తే కాడ సన్నబడుతుంది. సన్నకాడను పశువు మిగల్చకుండా తింటుంది, లావు కాడను గాడిలో వదిలేస్తుంది. గింజ పంటకు కంకి బరువు కావాలి కాబట్టి ఎడం కావాలి, మేతకు ఆ అవసరం లేదు. కానీ దీనికీ హద్దుంది. మరీ ఒత్తయితే అడుగు ఆకులు పసుపెక్కి, గాలికి పైరు పడిపోతుంది. పలుమార్లు కోసే రకాలు పిలకలతో తామే నిండుతాయి కాబట్టి వాటికి తక్కువ చాలు. ఎండకు వాడిన లేత జొన్నను మాత్రం పశువులకు వేయకండి, అందులో సైనైడ్ విషం ఉంటుంది.

ప్రశ్న: కోటింగ్ వేసిన విత్తనానికి అదే మోతాదా?

జవాబు: కాదు. కోటింగ్ బరువు సంచి తూకంలో మూడో వంతు, ఒక్కోసారి సగం కూడా ఉంటుంది. కిలోకు ఎన్ని గింజలో అడిగి ఆ లెక్కన వేయండి. దీన్ని వేడినీళ్లలో పెట్టకండి.

ప్రశ్న: మూడేళ్ల లూసర్న్ మడి పలచబడింది. ఖాళీల్లో మళ్లీ లూసర్న్ చల్లితే ఎన్ని కిలోలు పడుతుంది?

జవాబు: ఎన్ని కిలోలు చల్లినా నిలవదమ్మా. ముదిరిన లూసర్న్ మొక్కలు నేలలోకి వదిలే పదార్థాలు కొత్త లూసర్న్ మొలకల వేరును కుంగదీస్తాయి. మొలిచినట్టే కనిపించి, నెల తిరక్కుండా మొండిగా ఆగిపోతాయి. వేసి కొన్ని వారాలే అయిన మడిలో ఖాళీలుంటే అదే గింజతో నింపుకోవచ్చు. మీది మూడేళ్లది కాబట్టి ఖాళీల్లో ఏదైనా గడ్డిజాతి వేసి ఈ ఏడాది కోసుకోండి. తర్వాత మడి దున్నేసి, ఏడాది పాటు జొన్నో మొక్కజొన్నో తిప్పి, అప్పుడు లూసర్న్‌కు రండి.