సైనిక స్థావరంలోని బీచ్‌కు విదేశీయులను ఎందుకు రానివ్వరు?

ప్రశ్న: ఈ వేసవి సెలవుల్లో అత్తగారు, మామగారితో కలిసి మేము ఆరుగురం థాయిలాండ్ వెళ్ళాం. పట్టాయాలో జనం ఎక్కువగా ఉన్నారని, దక్షిణంగా కొంత దూరం వెళితే నీళ్ళు అద్దంలా ఉండే బీచ్ ఒకటి ఉందని వ్యాన్ డ్రైవర్ చెబితే అక్కడికి బయలుదేరాం. అది సైనిక స్థావరం లోపల ఉందని గేటు దాకా వెళ్ళేవరకు మాకు తెలియదు. మా ముందు వచ్చిన థాయ్ కుటుంబాలను కార్డులు చూసి లోపలికి పంపారు. మా పాస్‌పోర్టులు చూసి విదేశీయులకు ప్రవేశం లేదన్నారు. కాపలా సైనికుడు డ్రైవర్‌తో మాట్లాడుతూ మమ్మల్ని ‘ఖేక్’ అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ‘మనం నల్లగా ఉన్నామనే కదమ్మా రానివ్వలేదు?’ అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఇది వివక్ష కాదా? సముద్రపు ఒడ్డు ఒక దేశం వాళ్ళకే సొంతం ఎలా అవుతుంది? ఎవరికైనా ఫిర్యాదు చేయవచ్చా?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగిన మూడు ప్రశ్నలకన్నా మీ అమ్మాయి అడిగిన ప్రశ్న పెద్దది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, ఆ సైనికుడు మీ ఒంటి రంగు చూసి కాక మీ పాస్‌పోర్టు చూసి ఆపాడనే నాకు అనిపిస్తోంది. థాయిలాండ్‌లో సైన్యం అధీనంలో ఉన్న కొన్ని బీచ్‌లకు థాయ్ పౌరులను మాత్రమే అనుమతించే పద్ధతి ఉంది. ఆ నియమం అమలయ్యే చోట మీ వెనక జర్మన్ కుటుంబం నిలబడి ఉన్నా, జపాన్ కుటుంబం నిలబడి ఉన్నా అదే మాట విని వెనక్కి మళ్ళవలసిందే. ఈ సంగతి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. పదిహేనేళ్ళ వయసులో మనసులో పడిన అలాంటి అనుమానం తీరకుండా మిగిలిపోకూడదు.

‘ఖేక్’ అన్న మాటకు థాయ్ భాషలో రెండు అర్థాలున్నాయి. ఒకటి అతిథి. రెండోది భారత ఉపఖండం వారిని, అరబ్బులను, మలయ్ ప్రజలను కలిపి పిలిచే పేరు. తెల్లవారిని ‘ఫరంగ్’ అన్నట్టే దీన్ని కూడా మామూలు మాటల్లో వాడతారు. మన పాత తెలుగులోని ‘పరంగి’కీ ఈ ‘ఫరంగ్’కీ మూలం ఒకటే. అయితే పలికే గొంతును బట్టి ‘ఖేక్’లో చిన్నచూపు ధ్వనించే సందర్భాలు లేకపోలేదు. ఆ రోజు ఆ గొంతు ఎలా ఉందో విన్నవారు మీరే. అది మిమ్మల్ని నొప్పించి ఉంటే ఆ బాధ అకారణమని నేను అనను.

ఇక వివక్ష సంగతి. జాతి వివక్షను నిర్మూలించడానికి 1965లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక, పౌరులకూ పౌరులు కానివారికీ మధ్య ప్రభుత్వాలు చూపే తేడా తన పరిధిలోకి రాదని మొదటి అధికరణంలోనే చెప్పింది. మన రాజ్యాంగం కూడా సమానత్వపు హక్కును 14వ అధికరణంలో వ్యక్తులందరికీ ఇచ్చి, దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కును 19వ అధికరణంలో పౌరులకే పరిమితం చేసింది. విదేశీయులు అండమాన్ దీవులకు రావాలంటే మన ప్రభుత్వం ఎన్నో ఏళ్ళపాటు ప్రత్యేక అనుమతి పత్రం అడిగింది. 2018లో చాలా దీవులకు ఆ నిబంధనను సడలించారు. కాబట్టి విదేశీయులన్న కారణంతో అందరినీ ఒకేలా ఆపితే దాన్ని చట్టం తప్పుపట్టదు. తెల్ల విదేశీయులను లోపలికి పంపి మిమ్మల్ని మాత్రం ఆపి ఉంటే అది వివక్షే అయ్యేది, అప్పుడు నా జవాబు కూడా వేరుగా ఉండేది. అలాంటిది చూసినట్టు మీ ఉత్తరంలో లేదు.

ఒడ్డు ఎవరి సొంతం అన్న మీ రెండో ప్రశ్న లోతైనది. థాయ్ పౌర, వాణిజ్య స్మృతిలోని 1304వ సెక్షన్ ప్రభుత్వ ఆస్తులను వర్గీకరిస్తుంది. ప్రజల ఉమ్మడి వాడకానికి ఉద్దేశించిన ఆస్తులకు ఉదాహరణగా సముద్రతీరాలను, జలమార్గాలను, రహదారులను, సరస్సులను పేర్కొంటుంది. ఆ వెంటనే, రాజ్యం తన ప్రత్యేక అవసరాలకు ఉంచుకున్న ఆస్తులకు ఉదాహరణగా కోటలను, సైనిక భవనాలను, యుద్ధనౌకలను, ఆయుధాలను పేర్కొంటుంది. స్థావరంలోని బీచ్ దగ్గర ఈ రెండు రకాల ఆస్తులూ ఆనుకుని ఉంటాయి. అలలు తాకే ఇసుక మొదటి రకంలోకి వస్తుంది, ఆ ఇసుక దాకా వెళ్ళే రోడ్డు, గేటు, చుట్టూ ఉన్న కొండ రెండో రకంలోకి వస్తాయి. వీటికి తోడు, కొన్ని ప్రాంతాలను సైనిక భద్రతా మండలాలుగా ప్రకటించే అధికారం ఇస్తూ 1935లోనే అక్కడ ఒక చట్టం వచ్చింది. ఒడ్డు అందరిదీ అని మీరన్నది న్యాయమే; కానీ అక్కడికి చేర్చే దారి సైన్యం చేతిలో ఉంది.

అది సైన్యం చేతికి ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. మీరు వెళ్ళిన బీచ్ పేరు మీరు రాయలేదు, నాకు అవసరమూ లేదు. పట్టాయాకు దక్షిణాన ఉన్న సత్తహీప్ తీరాన్ని, ఆరవ రాముడన్న బిరుదుతో పాలించిన వజిరావుధ్ రాజు, థాయ్ నౌకాదళ పితామహుడిగా పేరొందిన తన సవతి సోదరుడు చుంఫోన్ యువరాజు కోరిక మేరకు 1922లో నౌకాదళానికి ఇచ్చారు. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికన్లు అక్కడి ఊ-తఫావ్ విమానాశ్రయాన్ని పెద్ద స్థావరంగా మలచుకుని, 1967 నుంచి బి-52 బాంబర్లను అక్కడి నుంచే నడిపారు, 1976లో వెళ్ళిపోయారు. నేటికీ థాయ్ నౌకాదళపు ప్రధాన స్థావరం సత్తహీప్‌లోనే ఉంది. 1997లో నౌకాదళంలో చేరిన చక్రి నరుబేత్ విమానవాహక నౌక ఆగేదీ అక్కడి రేవులోనే. అదే తీరంలో నౌకాదళం సముద్రపు తాబేళ్ళ సంరక్షణ కేంద్రాన్ని కూడా నడుపుతోంది. మీ డ్రైవర్ చెప్పిన అద్దంలాంటి నీళ్ళు అక్కడ ఇంకా మిగిలి ఉండడానికి కూడా ఇదే కారణమని నా నమ్మకం. పట్టాయాలో హోటళ్ళు వరుసకట్టి లేచిన దశాబ్దాల్లో, పక్కనే ఉన్న ఈ నేల మీద బయటివారు భవనాలు కట్టే వీలు లేకపోయింది.

ఇలాంటి బీచ్‌లను సైన్యం ముందుగా తన సిబ్బంది, వారి కుటుంబాల కోసం ఉంచుకుంటుంది, ఆ తరువాత దేశ పౌరులకు తెరుస్తుంది. అందుకే అక్కడ ప్రవేశం స్థావరాధికారి ఇచ్చే సౌకర్యంగానే ఉంటుంది, ఎవరూ హక్కుగా అడగలేరు. విన్యాసాలు ఉన్న రోజున థాయ్ పౌరులను కూడా ఆపగలరు. పౌరుడి చేతిలో 13 అంకెల గుర్తింపు కార్డు ఉంటుంది. లోపల ఏదైనా జరిగితే అతని ఊరూ పేరూ నిమిషాల్లో తెలుసుకోవచ్చు. రేపో ఎల్లుండో విమానం ఎక్కి వెళ్ళిపోయే యాత్రికుడి విషయంలో గేటు దగ్గరి సైనికుడికి ఆ వీలు లేదు. రక్షణ వారి ఆలోచన ఇలాగే సాగుతుంది, అందులో అర్థం లేదనలేము.

అలాగని సైనిక భూమి అయినంత మాత్రాన విదేశీయులను వెనక్కి పంపక తప్పదని కూడా నేను ఒప్పుకోను. అదే థాయిలాండ్‌లో, బ్యాంకాక్‌కు దక్షిణంగా సుమారు 280 కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రచుఅప్ ఖిరి ఖాన్ పట్టణంలో, అర్ధచంద్రాకారంలో ఆవో మనావ్ అనే బీచ్ ఉంది. అది వైమానిక దళపు ఐదవ వింగ్ స్థావరం లోపల ఉంది. గేటు దగ్గర వివరాలు రాసి విదేశీయులు కూడా లోపలికి వెళతారు. రోడ్డు రన్‌వేను దాటుతుంది కాబట్టి విమానం వస్తుంటే కాసేపు ఆగుతారు. 1941 డిసెంబర్ 8 తెల్లవారుజామున జపాన్ సైన్యం దిగిన తీరాల్లో అదొకటి. కాల్పుల విరమణ ఉత్తర్వు చేరేవరకు, మరుసటి రోజు దాకా, అక్కడి వైమానిక సిబ్బంది పోరాడారు. చనిపోయినవారి స్మారకం స్థావరంలోనే ఉంది. విదేశీ సైన్యం దిగి తమవారిని చంపిన ఒడ్డునే ఈనాడు జపాన్ యాత్రికుడితో సహా అందరికీ తెరిచి ఉంచడం నన్ను ఎంతో కదిలిస్తుంది. స్థావరం గేటును ఎంత తెరవాలన్నది అక్కడి అధికారి నిర్ణయం మీద కూడా ఆధారపడుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

థాయిలాండ్ బయట కూడా ఇలాంటి ఉదాహరణ ఉంది. ఇంగ్లండ్‌లోని డార్సెట్ తీరంలో లల్‌వర్త్ ఫైరింగ్ రేంజి, అంటే సైన్యం కాల్పులు సాధన చేసే స్థలం, ఉంది. 1943 డిసెంబర్‌లో టైన్‌హమ్ అనే ఊరిని ఖాళీ చేయించి సైన్యం తీసుకున్న భూమి అది. ఊరివారు మళ్ళీ తమ ఇళ్ళకు రాలేకపోయారు. కాల్పులు లేని రోజుల్లో, ముఖ్యంగా చాలా వారాంతాల్లో, అక్కడి దారులను, వర్‌బరో బే తీరాన్ని అందరికీ తెరుస్తారు. అక్కడ జనాన్ని ఆపేది తుపాకీ గుండు ప్రమాదమే కాబట్టి ఎవరు ఏ దేశస్థులన్న ప్రశ్న రాదు.

ఫిర్యాదు విషయానికి వస్తే, మన రాయబార కార్యాలయం మరో దేశపు స్థావరాధికారి నిర్ణయాన్ని మార్చలేదు. అయితే మీ బాధలో న్యాయమైన భాగం ఒకటుంది, దాన్ని వదులుకోవద్దు. రానివ్వని చోటని ముందుగా తెలిసేలా, విదేశీయులకు అర్థమయ్యే భాషలో, పెద్ద రోడ్డు మలుపు దగ్గరే బోర్డు పెట్టి ఉంటే, ముసలివాళ్ళతో, పిల్లలతో ఎండలో అంత దూరం వెళ్ళి గేటు ముందు నిలబడే అవస్థ మీకు తప్పేది. వెళ్ళే ముందు థాయ్ పర్యాటక సంస్థ ఫోన్ నంబరు 1672కు అడిగితే సమాచారం ఇస్తారు. మిమ్మల్ని తీసుకెళ్ళిన డ్రైవర్‌కు నియమం తెలిసీ డబ్బు కోసం దాచిపెట్టాడని మీకు నమ్మకంగా ఉంటే, పర్యాటక పోలీసుల నంబరు 1155కు చెప్పవచ్చు. అతనికి కూడా తెలియక తీసుకెళ్ళి ఉంటే మాత్రం అతన్ని ఇబ్బంది పెట్టకండి.

ప్రశ్న: నేను బ్యాంకాక్‌లో నాలుగేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను, వర్క్ పర్మిట్ ఉంది. మా ఆఫీసులోని థాయ్ మిత్రులు నౌకాదళం బీచ్‌కు వెళుతూ, ‘మా వెంట రా, మేము మాట్లాడతాం’ అంటున్నారు. వెళ్ళవచ్చా?
– బ్యాంకాక్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వర్క్ పర్మిట్ ఉద్యోగానికి అనుమతి ఇస్తుంది, పౌరసత్వం ఇవ్వదు. కొన్నిచోట్ల థాయ్ పౌరుడు వెంట ఉండి తన కార్డు చూపిస్తే విదేశీ మిత్రుడిని కూడా పంపుతారు, కొన్నిచోట్ల అలాగైనా పంపరు. ఈ నియమాలు అధికారులు మారినప్పుడల్లా మారుతుంటాయి. కాబట్టి మీ మిత్రుల చేత బయలుదేరే రోజునే ఆ స్థావరానికి ఫోన్ చేయించి, మీరు భారతీయులని స్పష్టంగా చెప్పించి వెళ్ళండి. వెనక సీట్లో ముఖం దాచుకుని లోపలికి పోవడం మాత్రం వద్దే వద్దు. అక్కడ మీకోసం పూచీ పడేది మీ మిత్రుడు. మీ వల్ల అతను ఒక సైనికాధికారి ముందు తలవంచుకోవలసి వస్తే ఆ స్నేహానికి అది తీరని నష్టం. గేటు దగ్గర కాదంటే మీరే ముందుగా, ‘పరవాలేదు, వేరే బీచ్‌కు పోదాం’ అనండి. లోపలికి వెళ్ళాక నౌకల వైపు, రాడార్ల వైపు ఫోటోలు తీయకండి, డ్రోన్ అసలే తీసుకెళ్ళకండి.

ప్రశ్న: మా కంపెనీకి జర్మనీ నుంచి వచ్చిన సహోద్యోగి విశాఖ తీరమంతా చూస్తానంటున్నాడు. నౌకాదళం ఉన్న ఊరు కదా, ఇబ్బంది వస్తుందా?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆర్.కె. బీచ్, రుషికొండ, యారాడ, భీమిలి ప్రజలందరికీ తెరిచి ఉన్న తీరాలే, నిశ్చింతగా తీసుకెళ్ళండి. అయితే విశాఖ తూర్పు నౌకాదళ కమాండ్‌కు కేంద్రం. డాల్ఫిన్స్ నోస్ కొండ మీదా, భీమిలి దారిలో ఐఎన్ఎస్ కళింగ దగ్గరా నౌకాదళ భూములున్నాయి. కంచె, హెచ్చరిక బోర్డు కనిపించిన చోట కెమెరా సంచిలో పెట్టమని అతనికి ముందే చెప్పండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశాల జోలికి వెళితే మనకైనా చిక్కే. భాష తెలియని విదేశీయుడికి ఆ చిక్కు ఇంకా పెద్దది. మరో ముఖ్యమైన సంగతి, అతని దగ్గర శాటిలైట్ ఫోన్ ఉందేమో అడగండి. ట్రెక్కింగ్ అలవాటున్న ఐరోపావారు కొందరు దాన్ని వెంట ఉంచుకుంటారు. అనుమతి లేకుండా మన దేశంలోకి తేవడం నేరమని తెలియక ఇబ్బందుల్లో పడినవారున్నారు.

నౌకాదళాన్ని దగ్గర నుంచి చూడాలన్న కోరిక అతనికి ఉంటే, ఆర్.కె. బీచ్‌లోని ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి లోపలికి తీసుకెళ్ళండి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విధుల నుంచి తప్పుకున్న ఆ నౌకను ఒడ్డుకు లాగి 2002లో మ్యూజియంగా తెరిచారు. టికెట్టు కొని ఎవరైనా లోపలికి వెళ్ళి, అంత ఇరుకు గదుల్లో నావికులు నెలల తరబడి ఎలా బతికారో కళ్ళారా చూడవచ్చు.