గుమాస్తా ముందు నిలబడింది ఎవరు?

అమ్మా,

మీ కుటుంబ చరిత్ర గురించి నువ్వు రాసి పంపిన 40 పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. మీ ముత్తాతగారికి ఇంకో కుటుంబం ఉందని తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదని రాశావు. ముప్ఫై ఏళ్ల కిందట నాకూ అలాంటి రాత్రి ఒకటి గడిచింది. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

నువ్వు వెతికినంతసేపూ నీ రచన ఊపిరి బిగబట్టి చదివించింది. దొరికాక చప్పబడింది. ఆ పెళ్లి రిజిస్టర్ కంటపడగానే "ఇన్నాళ్లూ అందరూ అబద్ధం చెప్పారు" అని తీర్పు చెప్పేశావు. ఇక అక్కడి నుంచి ముత్తాత మోసగాడు, ముత్తవ్వ అమాయకురాలు. ఇద్దరిలో ఒక్కరూ మనిషిలా కనిపించలేదు నాకు.

కాగితం మీద ఉంటే అది నిజమేనని మనకో నమ్మకం. ఏ రికార్డైనా ఒకరు చెబితే ఇంకొకరు రాసుకున్నదే కదా. 1841లో ఇంగ్లండ్‌లో జనాభా లెక్కలు తీసినప్పుడు, 15 ఏళ్లు దాటినవాళ్ల వయసును ఐదేళ్ల అంకెకు తగ్గించి రాయమని రూలు పెట్టారు. 34 ఏళ్ల మనిషి కాగితం మీద 30. పదేళ్ల తర్వాతి లెక్కల్లో ఆ మనిషికే 44 కనిపిస్తే, వీడెవడో వేరేవాడని వదిలేస్తాం. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా కాగితం తప్పింది.

ఇంట్లో చెప్పుకునే మాటలూ అంతే. వలస వచ్చినవాళ్లను ఓడ దిగగానే తనిఖీ చేసిన న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తా తమ ఇంటిపేరు మార్చేశాడని అమెరికాలో చాలా కుటుంబాలవాళ్లు చెప్పుకుంటారు. అక్కడి ఉద్యోగులు ఓడలో వచ్చిన జాబితా ముందు పెట్టుకుని పేర్లు సరిచూసేవాళ్లు, అంతే. పేరు మార్చుకున్నది చాలావరకు ఆ వచ్చినవాళ్లే, తర్వాత, పని దొరకాలనో, కొత్తచోట నలుగురిలో కలవాలనో. మరి నింద గుమాస్తా మీదకి ఎందుకెళ్లింది? నా పేరు నేనే వదులుకున్నానని కన్నపిల్లలకు చెప్పడానికి నోరు రాదు కాబట్టేమో. నువ్వు రాయాల్సింది ఆ నోరు రాకపోవడం గురించి.

అందుకే ఏ కాగితం చేతికొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే. ఆ రోజు గుమాస్తా ముందు నిలబడి ఈ మాట చెప్పింది ఎవరు?

ఈ ప్రశ్న నాకు తేలిగ్గా రాలేదు. మా తాతయ్యకు నాలుగేళ్లప్పుడు వాళ్ల నాన్న జ్వరంతో పోయాడని వింటూ పెరిగాం మేమంతా. ఒకసారి ఆస్తి కాగితాలు తిరగేస్తుంటే ముత్తాత సంతకం కనిపించింది. తేదీ చూశాను. ఆయన పోయాడని చెప్పిన ఏడాదికి 11 ఏళ్ల తర్వాత చేసిన సంతకం. ఇంకో ఊళ్లో, ఇంకో ఇంటి యజమానిగా, ఇంకో ఇద్దరు పిల్లల తండ్రిగా. ముత్తవ్వేమో తాతయ్యను బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు పక్కన "లేరు" అని రాయించింది.

కుర్రతనం. ఎవర్నీ అడగకుండా వ్యాసం రాసి ఒక పత్రిక ఆదివారం సంచికకు పంపేశాను. మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. ఆ వారమే మా పెద్దత్త ఫోన్ చేసింది. ఆవిడ తాతయ్య పెద్ద కూతురు. "మా నానమ్మ నా ఒక్కదానికే చెప్పి ఒట్టు వేయించుకుంది. మా నాన్న పోయేదాకా ఆయనకు తెలియనివ్వలేదు నేను. నువ్వు పేపర్లో వేశావు" అంది. అరవలేదు. ఫోన్ పెట్టేసి రెండేళ్లు నాతో మాట్లాడలేదు.

రెండేళ్ల తర్వాత తనే రమ్మని కబురు పెట్టి, అరచేయంత ఫొటో ఒకటి నా చేతిలో పెట్టింది. ముత్తవ్వ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన నాలుగేళ్ల తాతయ్య, మెడ దాకా గుండీలు పెట్టిన చొక్కాతో. కుడివైపు అంచును కత్తెరతో కత్తిరించారు. పైనుంచి తిన్నగా దిగిన కోత పిల్లాడి భుజం దగ్గరికి వచ్చేసరికి బయటికి వంగి, మళ్లీ తిన్నగా కిందికి పోయింది. ఆ భుజం మీద నాలుగు మగవేళ్లు, ఒకదానికి ఉంగరం. తిన్నగా కోస్తే పిల్లాడి భుజం తెగుతుంది. ఆ వంపు దగ్గర అట్ట కాస్త నలిగి ఉంది, కత్తెర ఆగి మళ్లీ కదిలినట్టు.

నా వ్యాసంలో "మోసం" అన్న మాట ఐదుసార్లు ఉంది. ఆ వేళ్లు మాత్రం ఎక్కడా లేవు. వదిలేసి వెళ్లిన తండ్రి కంటే చనిపోయిన తండ్రి ఉంటేనే పిల్లాడు తలెత్తుకు తిరగగలడని బడి గుమాస్తా ముందు ఆవిడ అనుకుందేమో. నేను అది రాయలేదు, ఎందుకంటే అప్పటికి నాకు తట్టలేదు.

ఏది దాచారన్నదాని కంటే ఆ కాలంలో అది ఎందుకు దాచాల్సినదైందో ముందు తెలుసుకో. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ దాదాపు 1,62,000 మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు పంపింది. తమ తాత ఖైదీగా వచ్చాడన్న సంగతిని చాలా కుటుంబాలు తరాల తరబడి దాచాయి. ఇప్పుడు అలాంటి తాత దొరికితే సంబరపడి చెప్పుకునేవాళ్లు అక్కడ ఎందరో. కాగితంలో అక్షరం మారలేదు.

డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకోనా అని అడిగావు. నీ ఇష్టం. కానీ అది ఏం చెప్పగలదో తెలుసుకుని చేయించుకో. ఎవరితోనైనా పాతిక శాతం దాకా కలిసిందనుకో, వాళ్లు తల్లో తండ్రో ఒక్కరే కలిసిన అక్క కావచ్చు, మేనమామ కావచ్చు, తాత కావచ్చు, అంకె అన్నింటికీ ఒకటే. దూరపు చుట్టాల్లో ఇంకా చిక్కు. తాతకు తాత ఒక్కరే అయిన ఇద్దరిని పోల్చినా, పదింట ఒకసారి టెస్టులో ఏమీ కలవదు. ఇంకో సంగతి, ఆ రిజల్ట్ నీ ఒక్కదానిదే అవదు. మీ అన్నయ్యదీ, మీ పిన్ని పిల్లలదీ కూడా. వాళ్లు తెలుసుకోవాలనుకోని సంగతి నీ చేతిలో పడుతుంది. ముందు వాళ్లతో మాట్లాడు.

దొరకనిది దొరకనట్టే ఉంచు. 1922 అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి శతాబ్దాల కాగితాలు బూడిదయ్యాయి. ఐర్లాండ్ కుటుంబాల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఆ ఖాళీ చుట్టూ తిరిగే రాస్తున్నారు. నీ 23వ పేజీలో ముత్తాత "తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు" అని ఉంది. నువ్వక్కడ లేవు తల్లీ. ఊహిస్తున్నానని చెప్పి ఊహించు, పాఠకుడు నీ వెంట వస్తాడు. చెప్పకుండా ఊహిస్తే నువ్వు తవ్వి తీసిన నిజాన్ని కూడా నమ్మడు.

ఆ రెండో ఇంటి వారసులు ఎక్కడున్నారో కనుక్కున్నానన్నావు. అచ్చు వేసే ముందు వాళ్లకు ఉత్తరం రాయి. చిన్నది. నువ్వెవరో, ఏం చదివావో, మాట్లాడాలనుకుంటే ఎలా కలవాలో రాస్తే చాలు. మొత్తం ఫైలు పంపకు. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ రాయకు, నీ రచనలోంచి వాళ్ల పేర్లూ ఊరూ తీసెయ్.

చివరగా నీ 31వ పేజీ. నేను దాని మీద చాలాసేపు ఆగిపోయాను. ముత్తవ్వ పెట్టెలో దారంతో కట్టిన రసీదుల కట్ట ఉందని, ముత్తాత నెలనెలా పంపిన డబ్బువి అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లిపోయావు. ఏ చిరునామా నుంచి వచ్చాయో రసీదు మీద ఉండి ఉండాలి. అంటే ఆయన ఎక్కడున్నాడో ఆవిడకు తెలుసు. తెలిసీ ఏళ్ల తరబడి ఆ డబ్బు తీసుకుంది, ఒక్క రసీదూ పారేయకుండా దాచింది. నువ్వు అమాయకురాలన్న మనిషి ఈవిడేనా?

ఆ కట్ట విప్పి తేదీల వారీగా పేర్చు. ఏ నెలలోనైనా రాకుండా ఆగాయేమో చూడు. డబ్బు ముట్టినట్టు సంతకం పెట్టింది ఆవిడేనా, ఇంకెవరైనానా, అదీ చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ