పాత గోడకు సిమెంటు పూత

ప్రశ్న: చార్మినార్ దగ్గర మా తాతల నాటి ఇల్లు. రెండేళ్ల కింద వేయించిన సిమెంటు గిలాబా (గోడ పూత), కింది గోడల్లో చెమ్మెక్కి పెచ్చులూడుతోంది. కూలగొట్టి కాంప్లెక్సు కడదామంటున్నారు. బాగుపడుతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: గోడ ఒరగకపోతే తప్పకుండా బాగుపడుతుందమ్మా. తప్పు గోడది కాదు, సిమెంటుది. రాయి, సున్నంతో కట్టిన గోడ నేల నుంచి పీల్చిన తడిని పైపూత గుండా వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూస్తుంది. తడి పైకెక్కుతుంది, ఉప్పు పేరుకుని పూతను తోసేస్తుంది.

ముందు చూరునీళ్లు, మోరీ నీళ్లు గోడ పక్కన నిలవకుండా చేయండి. ఇది వదిలేస్తే మిగతా ఖర్చంతా దండగే. తర్వాత సిమెంటును ఉలితో మెల్లగా రాల్చి, గోడను కొన్ని వారాలు ఆరనివ్వండి. కనీసం నెల నానిన సున్నపు ముద్ద 1 పాలు, సుర్ఖీ (మెత్తటి ఇటుక పొడి) 1 పాలు, కడిగిన ఇసుక 2 పాళ్లు కలపాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కొద్దిగా పోయొచ్చు. బెల్లం ఎక్కువైతే పూత గట్టిపడడం ఆలస్యమవుతుంది. గోడ తడిపి, ఒక్కో పూత 12 మిల్లీమీటర్లు మించకుండా వేయించండి. మందంగా వేస్తే బీటలు ఖాయం. వారం పది రోజులు తడి గోనెసంచులు కప్పండి. ఎండాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

“పిడికెడు సిమెంటు కలుపుదాం, తొందరగా గట్టిపడుతుంది” అంటాడు మేస్త్రీ. ఒప్పుకోవద్దు. పైన ప్లాస్టిక్ పెయింటూ వద్దు, సున్నం వెల్లే వేయించండి.