ఐపీ వేద్దామని ప్లాటు రాసివ్వకండి

ప్రశ్న: హన్మకొండలో ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. జీతం 38,000. నాన్న ఆపరేషన్‌తో మొదలైన అప్పు 11.2 లక్షలైంది. పర్సనల్ లోన్ 4 లక్షలు, క్రెడిట్ కార్డులు 3.2 లక్షలు, 3 రూపాయల మిత్తికి ప్రామిసరీ నోట్ల మీద 3 లక్షలు, మిగతా లక్ష గిరిగిరి (రోజువారీ వసూలు అప్పు), లోన్ యాప్‌లు. నోట్లకు తోటి లెక్చరర్ జమానతు ఉన్నాడు. వర్ధన్నపేట వైపు 150 గజాల ప్లాటుంది, 9 లక్షలు పలుకుతుంది. దాన్ని బావమరిది పేరిట రాసి ఐపీ (కోర్టులో దివాలా పిటిషన్) వేయమంటున్నారు. మంచి వకీలును ఎలా చూసుకోవాలి?

జవాబు: ముందు ఆ రాసిచ్చే ఆలోచన మానుకోండి. ఐపీ వేసేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. 2016 దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం ఇప్పటికి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకే అమలవుతోంది. మీకు వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. దాని 53వ సెక్షన్ ప్రకారం, పిటిషన్‌కు ముందు రెండేళ్లలో డబ్బు తీసుకోకుండా ఆస్తి రాసిచ్చి ఉంటే ఆ బదిలీని కోర్టు రద్దు చేయగలదు. కావాలని దాచారని తేలితే ఏడాది దాకా జైలు. బావమరిదినీ కోర్టుకు లాగినట్టవుతుంది.

ఐపీతో జమానతుదారు బయటపడడు. మీకు కోర్టు అప్పుల నుంచి విడుదల ఇచ్చినా నోట్ల బాకీకి అతన్నే పట్టుకుంటారు. గిరిగిరి వాళ్ల చేతిలో మీ ఖాళీ చెక్కులుంటే చెక్ బౌన్స్ కేసు ఆగదు. అసలు గిరిగిరి జోలికి ఎందుకు వెళ్లారు? 10,000 రాసుకుని చేతికి 8,500 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, ఏడాది లెక్కన మిత్తి సుమారు 120 శాతం. ఆపరేషన్ బాకీని కార్డుతో, కార్డు బాకీని గిరిగిరితో తీర్చారు. ఇక ఒక్క రూపాయి కూడా తేవద్దు, వకీలు ఫీజుకు సైతం.

నా లెక్కలో మీరింకా ఐపీ దాకా రాలేదు. ప్లాటును బజారు ధరకు, బ్యాంకు ద్వారా డబ్బు తీసుకుని అమ్మండి. గిరిగిరి, నోట్లు తీర్చి, రాసిచ్చిన నోట్లు, చెక్కులు వెనక్కి తీసుకోండి. బ్యాంకులతో లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోండి. ఇలా కొందరికే తీర్చి 3 నెలల్లో ఐపీ వేస్తే ఆ చెల్లింపులు చిక్కుల్లో పడతాయి. అందుకే ఏ దారో ముందే తేల్చుకోండి.

అమ్మిన డబ్బులోంచి మొదట పక్కన పెట్టాల్సింది ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ ప్రీమియం, మూడు నెలల ఇంటి ఖర్చు. అప్పులవాళ్లు ఎంత తొందరపెట్టినా ఈ రెండూ ఆపకండి. మీ అప్పుకు మూలం ఆస్పత్రి బిల్లు. నాన్నగారికి పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, కాబట్టి ఈ నెలే మొదలుపెట్టండి. రేషన్ కార్డుంటే ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది, వాడుకోండి. రేపు ఐపీ తప్పకపోతే ఈ పాలసీ మరీ అవసరం. దివాలాదారుగా ఉన్నంతకాలం సంగతి చెప్పకుండా 50 రూపాయలు, ఆపైన అప్పు తెచ్చినా నేరమే, ఆరు నెలల దాకా జైలు. అప్పుడు ఆస్పత్రి ఖర్చొస్తే ఎవరిస్తారు?

ఐపీయే గతి అయితే సివిల్ వకీలును చూడండి. ‘విడుదల ఉత్తర్వు దాకా ఎన్ని ఐపీలు నడిపారు?’ అని అడగండి. నోటీసులు పంపించి, కేసు వదిలేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. గడువులో విడుదలకు దరఖాస్తు చేయకపోతే దివాలా ఉత్తర్వే రద్దవుతుంది. ఫీజు పిటిషన్‌కు, ఉత్తర్వుకు, విడుదలకు విడివిడిగా రాయించుకోండి. జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు రావు. మీ 38,000లో సుమారు 25,660 మీదే. ఈ లెక్క ఆయన చెప్పలేకపోతే ఇంకొకరిని చూడండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. ఎవరి దగ్గరకు వెళ్లినా అప్పులవాళ్లందరి పేర్లు, చిరునామాలు, బాకీలు, జమానతుదారు పేరు, ప్లాటు కాగితాలు, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకెళ్లండి. లోన్ యాప్‌లనూ ఆ జాబితాలో రాయండి.