మెత్తని మంచు కొండని ఎలా కోస్తుంది? గోముఖ్‌లో చూసింది చెబుతాను

దూదిలా రాలే మంచు గ్లేసియర్ (కొండల్లో మెల్లగా కిందికి కదిలే ఐసు నది) ఎలా అవుతుంది, అది కొండల్ని ఎలా కోస్తుంది అని అడిగారు. నాకూ ఇదే సందేహం ఉండేది. గంగోత్రి నుంచి గోముఖ్‌కి 18 కిలోమీటర్లు నడిచి వెళ్లాక తీరింది. గోముఖ్ అంటే గంగోత్రి గ్లేసియర్ మూతి, అంటే దాని కింది కొస. భాగీరథి నది బయటికొచ్చేది అక్కడే.

తెల్లటి మంచు గోడ కనబడుతుందనుకున్నాను. తీరా చూస్తే మట్టి, రాళ్లు కప్పుకున్న నల్లటి దిబ్బ! పగుళ్లలో మాత్రం నీలంగా ఐసు మెరుస్తోంది.

కొత్తగా పడిన మంచులో పదింట తొమ్మిది వంతులు గాలే. ఎండలకి కరగకుండా మిగిలినదాని మీద మరుసటి ఏడాది మళ్లీ పడుతుంది. పై బరువుకి కింది పొర నలిగి, గాలి పోయి, ముందు ముతక పంచదార పలుకుల్లా, తర్వాత గట్టి ఐసులా మారుతుంది. మందం 30, 40 మీటర్లు దాటాక తన బరువుకి తానే వాలులోకి కదులుతుంది. గంగోత్రి గ్లేసియర్ అలా దాదాపు 30 కిలోమీటర్లు పారుతోంది.

కోసేది ఒట్టి ఐసు కాదండీ, దాని అడుగున ఇరుక్కున్న రాళ్లు. సాండ్‌పేపర్‌లో పని చేసేది కాగితం కాదు కదా, పైనున్న గరుకు! గోముఖ్ దారిలో ఉండే భోజ్‌బాసా దగ్గర ఒక బండ ఒకవైపు సానబట్టినంత నున్నగా ఉంది. దాని మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకి. గోరు పెడితే తగిలాయి. ఆ రాత్రి బాటిల్లో నది నీళ్లు పట్టి పెడితే తెల్లారేసరికి అడుగున ముగ్గుపిండిలాంటి బూడిదరంగు పొడి పేరింది. కొండ అరిగిన పొడి అది. భాగీరథి అక్కడ బూడిదరంగులో ఉండేది అందుకే.

లోయ ఆకారం కూడా గమనించండి. కింద, గంగోత్రికి ముందు వచ్చే భైరోంఘాటీ దగ్గర నది కోసిన లోయ ఇరుకుగా, తొంగి చూస్తే కళ్లు తిరిగేంత లోతు. పైన భోజ్‌బాసా దగ్గర అడుగు వెడల్పుగా, గోడలు నిటారుగా, పెద్ద తొట్టిలా ఉంటుంది. అది ఒకప్పుడు గ్లేసియర్ తొలిచిన చోటు. పక్కల్లో గట్లు పోసినట్టుండే రాళ్ల వరసలు అది మోసుకొచ్చి వదిలేసినవే. వాటిని మొరైన్లు అంటారు.

1935 నుంచి ఈ గ్లేసియర్ మూతి కిలోమీటరుకి పైగా వెనక్కి పోయింది. అంటే ఐసు వెనక్కి నడిచిందని కాదు. అది ఇప్పటికీ కిందికే వస్తోంది, వచ్చేదానికంటే కరిగేది ఎక్కువైంది. గోముఖ్‌లో నిలబడితే పైనుంచి రాళ్లు జారిన చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. వెళ్తే దూరంగా నిలబడే చూడండి, దయచేసి మూతి కిందికి వెళ్లకండి.